అసంతృప్తి, అధికారం, భూమి ధర: ఇబ్నె ఖల్దూన్ వెలుగులో ఉప్పల్, నాచారం

హైదరాబాదు నగరానికి తూర్పున ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ప్రాంతాలలో గల పారిశ్రామిక వాడల భూములను ఇతర అవసరాలకు, అనగా నివాస గృహాలకు, అంగళ్ళకు, కార్యాలయాలకు మార్చుకొనుటకు వీలు కల్పించే విధానాన్ని 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. బాహ్యవలయ రహదారికి లోపల గల 22 పారిశ్రామిక వాడలు, సుమారు 9,292 ఎకరాలు, ఈ విధానం క్రిందికి వస్తాయి. రిజిస్ట్రేషను శాఖ నిర్ణయించిన విలువలో, ఎదుటి రోడ్డు వెడల్పును బట్టి, 30 శాతమో 50 శాతమో చెల్లించినవారికి ఈ మార్పు లభిస్తుంది. కాలుష్యాన్ని ఊరి బయటికి పంపుతున్నామని ప్రభుత్వం అన్నది. ఉపాధి కోసం చౌకగా ఇచ్చిన భూమిని స్థలాల వ్యాపారుల పరం చేస్తున్నారని ప్రతిపక్షాలు అన్నాయి.

ఆ వివాదంలో తీర్పు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దాని వెనుక అంతకంటె పాతదైన ప్రశ్న ఒకటి ఉన్నది. ఉద్యోగాలను గురించి, బ్రతుకు తెరువును గురించి ప్రజలలో కలిగే అసంతృప్తి రాజకీయాలను మారుస్తుంది. రాజకీయాలు మారే వేళ ధనవంతుడు తన ధనాన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడినుండి తీయాలో ఆలోచించుకుంటాడు. ఈ రెండింటి నడుమ పుట్టే లాభం ఎవరికి చేరుతుంది? అసంతృప్తితో వీధికెక్కినవానికా, వేచి చూసినవానికా? ఆరు శతాబ్దాలకు పూర్వమే ఒక ముస్లిం చరిత్రకారుడు దీనికి సమాధానం వ్రాసి పెట్టాడు. దానిని మన ఊరికి అన్వయించి చూడటం వ్యర్థం కాదు.

ఇబ్నె ఖల్దూన్ 1332లో ట్యూనిస్ నగరంలో జన్మించి, 1406లో కైరోలో మరణించాడు. అనేకమంది సుల్తానుల కొలువులో పనిచేసి, రాజ్యాలు లేచి పడిపోవడం కళ్ళారా చూసినవాడు. కైరోలో మాలికీ మజ్‌హబ్ ప్రధాన ఖాజీగా ఉండినవాడు. ఆయన ‘ముఖద్దిమా’ను 1377లో, నేటి అల్జీరియాలోని ఒక మారుమూల కోటలో ఉండి పూర్తిచేశాడు. ఆ గ్రంథానికి ప్రాణమైన ‘ఉమ్రాన్’ అనే మాటను తెలుగులోకి తేవడం కష్టం. నాగరికత అంటే సరిపోదు. మనుషులు ఒకచోట స్థిరపడి, పనిచేసి, ఒకరికొకరు ఆధారమై బ్రతకడం అంతా అందులో ఇమిడి ఉన్నది. ‘ఆబాదీ’ అనే ఉర్దూ మాట కొంత దగ్గరగా వస్తుంది.

అన్యాయం ఉమ్రాన్‌ను పాడుచేస్తుందని ఆయన ఒక ప్రకరణంలో నిరూపించాడు. తన కష్టార్జితం తనకు దక్కదని తెలిసినప్పుడు మనిషి ఆశ వదులుకుంటాడు. ఆశ పోయినవాడు చేతులు ముడుచుకుంటాడు. చేతులు ముడుచుకున్న ఊరిలో బజారు మందగిస్తుంది, జనం వేరే చోటికి వలసపోతారు. ఇది చాలామంది ఉదహరించే ప్రకరణమే. నగరాలలోని ఇండ్లు, తోటలు, భూములను గురించి ఆయన వ్రాసిన చిన్న ప్రకరణాన్ని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. మనకు ఇక్కడ కావలసింది అదే.

అందులో ఆయన చెప్పిన విషయం ఇది: ఒక మనిషికి ఎక్కువ ఆస్తులు ఒక్కసారిగా రావు. వారసత్వంగా మెల్లగా చేరుతాయి, లేదా ధరల మార్పు వలన చేతికి వస్తాయి. ఒక రాజ్యం అంతరించి మరొకటి నెలకొనే సంధికాలంలో రక్షణ ఉండదు. ఊరు పాడవుతుందేమోనని అందరికీ భయం. అప్పుడు భూమి మీద ఎవరికీ మోజు ఉండదు, కనుక కొద్దిపాటి సొమ్ముకే అది చేతులు మారుతుంది. తరువాత కొత్త రాజ్యం కుదురుకొని నగరానికి మళ్ళీ యౌవనం వచ్చినప్పుడు అదే భూమికి గిరాకీ పెరుగుతుంది. దానిని పట్టుకొని ఉన్నవాడు ఊరిలోని పెద్ద ధనవంతులలో ఒకడవుతాడు. ఇది అతని శ్రమవలన కలిగింది కాదు, ఒక్కడి శ్రమ వలన అది సాధ్యమూ కాదు అని ఇబ్నె ఖల్దూన్ స్పష్టంగా అన్నాడు. అంతటితో ఆగలేదు. అలా పెరిగిన ఆస్తుల మీద పాలకుల కన్ను పడుతుందనీ, వారు వాటిని బలవంతంగానో, కొనుగోలు పేరిటనో లాక్కోవడం తరచుగా జరుగుతుందనీ కూడా చెప్పాడు.

హైదరాబాదు ముస్లిములకు ఈ సిద్ధాంతం పుస్తకం ద్వారా తెలియవలసిన అవసరం లేదు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆసఫ్‌జాహీ పాలన ముగిసింది. మరుసటి సంవత్సరం ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారీ అన్యాయం కాదా అంటే, సాగుచేసే రైతుకు అది ముమ్మాటికీ అన్యాయమే, దాని రద్దుకు చింతించవలసింది లేదు. కాని జాగీర్ల మీద, సర్కారు నౌకరీ మీద ఆధారపడిన చిన్న గుమాస్తాలు, జవాన్లు, నౌకర్లు వేలాదిగా ఒక్కసారి రోడ్డున పడ్డారు. కొందరు పాకిస్తాను వెళ్ళిపోయారు. ఉన్నవారిలో ఎందరో ఇండ్లు, బంజర్లు, తోటలు వచ్చిన ధరకు అమ్ముకున్నారు. పాత నగరంలో ఏ వృద్ధుని అడిగినా అటువంటి అమ్మకం ఒకటి తన కుటుంబంలోనో పొరుగింటిలోనో జరిగిందని చెప్పగలడు. కొన్నవాడు మోసగాడు కానక్కరలేదు. చేతిలో నగదు, మనసులో ఓపిక ఉంటే చాలును.

ఇక ఉద్యోగాల అసంతృప్తి సంగతి. ‘ముల్కీ’ అనే మాట అరబీ ‘ముల్క్’ నుండి వచ్చింది. నేడు దానిని తెలంగాణ, ఆంధ్ర తగాదాతో ముడిపెట్టి చెప్పుకుంటారు గాని, దాని పుట్టుక వేరు. 19వ శతాబ్దంలో సాలార్‌జంగ్ సంస్కరణల కాలం నుండి ఉత్తర హిందూస్థానం నుండి చదువుకున్న ముస్లిములు పెద్ద సంఖ్యలో హైదరాబాదు కొలువులలో చేరారు. ఇక్కడి ముస్లిములూ హిందువులూ కలిసి వారిని ‘గైర్‌ముల్కీ’ అన్నారు. అనగా ఈ తగాదా మతాల మధ్య కాదు, కొలువు దొరికినవానికీ దొరకనివానికీ మధ్య మొదలైంది. 1919లో నిజాం జారీ చేసిన ఫర్మానా 15 సంవత్సరాల నివాసం ఉన్నవారికి ఉద్యోగాలలో ప్రాధాన్యం ఇచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేటప్పుడు పెద్దమనుషుల ఒప్పందం అదే రక్షణను మరొక రూపంలో వాగ్దానం చేసింది. ఆ రక్షణలు అమలు కావడం లేదని 1969లో విద్యార్థులు, ఉద్యోగులు ఉద్యమించారు. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి ఈ ప్రాంతపు 14 స్థానాలలో పదింటిని గెలిచి, ఆ ఏడాదే కాంగ్రెసులో కలిసిపోయింది. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అంటే ఈసారి ఆంధ్ర ప్రాంతంలో ఉద్యమం లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు, 1985లో 610 జీవో, ఇలా కాగితాలు పెరిగాయి.

అదే కాలంలో ఈ అసంతృప్తికి మరొక మందు కూడా వేశారు. అది పారిశ్రామిక వాడ. సర్కారు కొలువు అందరికీ దొరకదు కనుక కర్మాగారాలు రావాలి. అవి రావాలంటే భూమి చౌకగా దొరకాలి. ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ 1973లో ఏర్పడింది. ఉప్పల్, నాచారం వాడలలో మందుల కంపెనీలు, ఇంజనీరింగు షెడ్లు, ప్లాస్టిక్కు, ఆహార పదార్థాల యూనిట్లు వెలిశాయి. వాటి చుట్టూ చిలుకానగర్, రామంతాపూర్, మల్లాపూర్, కుషాయిగూడ బస్తీలు నిండాయి. జిల్లాల నుండి వచ్చిన కుటుంబాలకు షిఫ్టు డ్యూటీ, నెల జీతం, నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి, ఇవే స్థిరమైన జీవితం. ఒక లేతు మిషను నేర్చుకున్న కుర్రవాడు తన చెల్లెలి పెండ్లి చేయగలిగాడు. ఇబ్నె ఖల్దూన్ చెప్పిన ఉమ్రాన్ అంటే ఇటువంటిదే. ఆనాడు ఈ భూమి విలువ దాని మీద పనిచేసేవారి సంఖ్యను బట్టి ఉండేది, గజం ధరను బట్టి కాదు.

2009 డిసెంబరు 9న తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించి, రెండు వారాలకే వెనుకకు తగ్గింది. అప్పటినుండి 2014 జూన్ 2 వరకు నాలుగున్నర సంవత్సరాలు హైదరాబాదు ఎవరిదవుతుందో ఎవరికీ తెలియలేదు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. నీళ్ళు, నిధులు, నియామకాలు అనే మూడు మాటలలో మూడవదే యువకులను ఎక్కువగా కదిలించింది. ఈ కాలంలో డబ్బు ఎట్లా నడిచిందో చూడండి. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు ఇండ్ల ధరల సూచీలో 2007ను 100గా తీసుకుంటే, 2011, 2012లలో హైదరాబాదు 100కు దిగువనే ఉండిపోయింది. బొంబాయి, మద్రాసు దానిని ఎంతో దాటిపోయాయి. 2008 నాటి ప్రపంచ మాంద్యం, 2009 జనవరిలో బయటపడిన సత్యం కంప్యూటర్స్ కుంభకోణం కూడా ఇందుకు కారణాలే గనుక నెపం అంతా ఉద్యమం మీద వేయకూడదు. కాని ఇబ్నె ఖల్దూన్ చెప్పిన సంధికాలపు లక్షణం మాత్రం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

మెట్రో రైలు కథ ఇందుకు మంచి నిదర్శనం, ఎందుకంటే దాని డిపో ఉప్పల్‌లోనే ఉన్నది. 2008లో మేటాస్ కూటమి ఈ పథకాన్ని చేపట్టడానికి ప్రభుత్వం నుండి సహాయం అడగకపోగా, తానే 30,311 కోట్లు ఎదురు చెల్లిస్తానన్నది. రైలు టిక్కెట్ల మీద అంత డబ్బు రాదని తెలిసినవారు ఆశ్చర్యపోయారు. ఢిల్లీ మెట్రో నిర్మాత శ్రీధరన్ దీని వెనుక భూముల ఆశ ఉన్నదని ముందే హెచ్చరించారు. సత్యం కూలిన తరువాత 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ సంస్థ 1,458 కోట్ల సహాయం తీసుకొని నిర్మాణానికి ఒప్పుకున్నది. ఆ ఒప్పందంలోనూ డిపోల వద్ద, స్టేషన్ల వద్ద భూములను అభివృద్ధి చేసి అద్దెలు పొందే హక్కు ముఖ్యమైన భాగం. రాష్ట్రం ఏర్పడిన మూడు నెలలకు, 2014 సెప్టెంబరులో, అదే సంస్థ ప్రభుత్వానికి లేఖ వ్రాసింది. నగరం హోదా మారింది గనుక తమ లెక్కలు తారుమారయ్యాయనీ, కావలిస్తే పథకాన్ని ప్రభుత్వమే తీసుకోవచ్చుననీ దాని సారాంశం. 2015 ఉగాదికి నడవవలసిన నాగోలు, మెట్టుగూడ మార్గం 2017 నవంబరుకు గాని ప్రారంభం కాలేదు. 2025 సెప్టెంబరులో ఆ సంస్థ వాటాను ప్రభుత్వం తీసుకొనుటకు సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది.

పెద్ద సంస్థ వెనుకాడిన చోట చిన్న పెట్టుబడిదారులు ఓపిక పట్టారు. రాష్ట్రం కుదురుకున్నది, కరెంటు కోతలు తగ్గాయి, రైలు నడిచింది. ఇక ధరల సంగతి చెప్పనక్కరలేదు. ఉప్పల్ భగాయత్ ఒక్కటి చాలు. ‘భగాయత్’ అంటే తోటల భూమి, పారసీ ‘బాగ్’ నుండి వచ్చిన మాట. మూసీ ఒడ్డున కూరగాయలు, గడ్డి పండించిన ఆ భూములను 2000 దశకంలో నగరాభివృద్ధి సంస్థ సేకరించింది. నష్టపరిహారం చాలదని రైతులు ఏండ్ల తరబడి ఆందోళన చేసిన మీదట, ఎకరానికి వెయ్యి గజాల చొప్పున అభివృద్ధి చేసిన స్థలం వారికి ఇచ్చారు. ఎకరం అంటే 4,840 గజాలు అని గుర్తుంచుకోవాలి. మిగిలిన స్థలాలను వేలం వేస్తే 2019 ఏప్రిల్‌లో గజం 73,900 రూపాయల దాకా, 2021 డిసెంబరులో లక్షా వెయ్యి దాకా పలికింది. పాలకుల కన్ను ఆస్తి మీద పడుతుందన్న ఇబ్నె ఖల్దూన్ మాట ఇక్కడ వర్తిస్తుందా? ఒక విధంగా వర్తించదు. రైతు పూర్తిగా నష్టపోలేదు, వెయ్యి గజాలు దక్కినవాడు కోటీశ్వరుడయ్యాడు. అదే తోటలో కూలికి గడ్డి కోసినవానికి ఏమి దక్కింది? అతని పేరు ఏ పట్టాలోనూ లేదు, కనుక ఏ వేలంలోనూ రాలేదు.

2020 డిసెంబరులో తూర్పు హైదరాబాదు అభివృద్ధి పేరిట ఉప్పల్, నాచారం వాడలలోని కొన్ని సంస్థలకు తమ పారిశ్రామిక స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకొనే అనుమతి లభించింది. 2025 నాటి విధానం దానికి కొనసాగింపు, కాని మరింత విశాలమైనది. కర్మాగారం నడపడం కంటె దాని స్థలాన్ని అమ్ముకోవడం లాభమని యజమానికి అనిపించినప్పుడు, అతడు కొత్త మిషను మీద పెట్టుబడి పెడతాడా? పెట్టడు. గేటుకు తాళం వేసి ఎదురుచూస్తాడు. కార్మికుడు వాచ్‌మనుగానో, డెలివరీ కుర్రవాడుగానో మారతాడు. నియామకాల కోసం సాగిన ఉద్యమం తెచ్చిన రాష్ట్రంలో, నియామకాల కోసం ఇచ్చిన భూమి ఈ దారి పట్టింది.

ఎన్నికల ఫలితాలను దీని ప్రక్కన పెట్టి చూడవలెను. ఉప్పల్ శాసనసభ నియోజకవర్గం 2009లో కొత్తగా ఏర్పడింది. ఆ సంవత్సరం కాంగ్రెసు, 2014లో భాజపా, 2018లో తెరాస, 2023లో బీఆర్‌ఎస్‌గా పేరు మారిన అదే పార్టీ గెలిచాయి. 2023లో రాష్ట్రమంతటా ప్రభుత్వం మీద అసంతృప్తి ప్రబలింది. పబ్లిక్ సర్వీసు కమిషను ప్రశ్నపత్రాలు బయటికి పొక్కి పరీక్షలు రద్దు కావడం నిరుద్యోగులను తీవ్రంగా నొప్పించింది. కాంగ్రెసు 64 స్థానాలతో అధికారంలోకి వచ్చింది. కాని ఉప్పల్ మాత్రం అప్పటి పాలక పక్షానికే ఓటు వేసింది, నగరంలోని ఇతర స్థానాలలోనూ కాంగ్రెసు గెలవలేదు. ఇందుకు కారణాలు అనేకం ఉండవచ్చు. నా అభిప్రాయంలో ఒక కారణం గజం ధర. ఇల్లో స్థలమో ఉన్నవాడు దాని ధర పెరుగుతున్నంత కాలం, కొడుక్కు ఉద్యోగం లేకపోయినా, ప్రభుత్వాన్ని మార్చడానికి వెనుకాడుతాడు. అసంతృప్తి ఒక ఇంటిలోనే రెండుగా చీలుతుంది. తండ్రి స్థలం వైపు, కొడుకు నోటిఫికేషను వైపు చూస్తారు.

ముస్లిముల అసంతృప్తిలో మరొక పొర ఉన్నది. 2014కు ముందు వాగ్దానం చేసిన 12 శాతం రిజర్వేషను బిల్లు 2017 ఏప్రిల్‌లో శాసనసభలో నెగ్గి ఢిల్లీకి వెళ్ళింది, చట్టం కాలేదు. అంతకు ముందునుండి ఉన్న 4 శాతమే మిగిలింది. కొలువు దూరమైనవాడు వ్యాపారం వైపు చూస్తాడు. వ్యాపారానికి అప్పు కావాలి, అప్పుకు వడ్డీ ఉన్నది, వడ్డీ హరాం. ఈ ఇరుకులో ఉన్న మనిషికి వడ్డీ లేని లాభం చూపిస్తానన్నవాడు ఆప్తుడుగా కనబడతాడు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన హీరా సంస్థ హలాల్ వ్యాపారం పేరిట సంవత్సరానికి 36 శాతం వరకు లాభం ఆశ చూపింది. లక్షమందికి పైగా డబ్బు పెట్టారు. దాని అధినేత్రి 2017లో ఒక రాజకీయ పార్టీ స్థాపించి, 2018 మే నెలలో కర్నాటక శాసనసభ ఎన్నికలలో అన్ని స్థానాలకు అభ్యర్థులను నిలిపారు. ఒక్కటి కూడా గెలవలేదు. అదే సంవత్సరం అక్టోబరులో మోసం ఆరోపణలపై హైదరాబాదు పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. పెట్టుబడికీ రాజకీయానికీ ఇంధనం ఒకటే, మన జనం మనసులోని అసంతృప్తి. నిజమైన ముజారబాలో ముందుగా నిర్ణయించిన లాభం ఉండదు. నష్టం వస్తే ధనం పెట్టినవాడే భరించాలి. నెలనెలా తప్పకుండా వచ్చే 3 శాతాన్ని ఏ పేరుతో పిలిచినా ముజారబా అనలేము. ఈ సంగతి మదరసాలో చదివిన మేమంతా జుమా ఖుత్బాలలో ఇంకా గట్టిగా చెప్పవలసి ఉండినది.

భూమి మాటకు మళ్ళీ వద్దాం. భూమి కొనడం, లాభానికి అమ్మడం షరీయత్‌లో ధర్మసమ్మతమే. కాని ప్రభుత్వం ఒక పని కోసం ఇచ్చిన భూమి మామూలు కొనుగోలు వంటిది కాదు. దీనికి ఇస్లాం చరిత్రలో స్పష్టమైన దృష్టాంతం ఉన్నది. దైవప్రవక్త (స) బిలాల్ బిన్ హారిస్ ముజనీ (రజి) అనే సహాబీకి అఖీఖ్ ప్రాంతాన్ని ఇచ్చారు. ఈయన అజాన్ ఇచ్చిన హజ్రత్ బిలాల్ (రజి) కారు, వేరొకరు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయిన తరువాత ఆయనను పిలిచి, సాగు చేయగలిగినంత ఉంచుకొని మిగిలినది తిరిగి ఇవ్వమన్నారు. ఈ భూమి నీకు ఇచ్చింది పని చేయడానికి గాని జనానికి అడ్డుపెట్టడానికి కాదన్నది ఆయన వాదన. ఆయన ఒప్పుకోలేదు. ఉమర్ (రజి) సాగుకాని భాగాన్ని తీసుకొని ముస్లిములకు పంచారు. బీడు భూమికి హద్దురాళ్ళు పాతి ఊరక ఉంచినవానికి మూడు సంవత్సరాల తరువాత హక్కు ఉండదని కూడా ఆయన తీర్పు. ఇమాం అబూ యూసుఫ్ దానిని ‘కితాబుల్ ఖరాజ్’లో ఉల్లేఖించారు. అబూ యూసుఫ్ మరొక మాట కూడా అన్నారు. ఇమాం అబూ హనీఫా ఇహ్తికార్‌ను, అనగా ధర పెరగాలని సరుకు దాచడాన్ని, ఆహార పదార్థాలకూ పశుగ్రాసానికీ పరిమితం చేయగా, అబూ యూసుఫ్ దాచితే జనానికి హాని కలిగే ప్రతి వస్తువుకూ దానిని వర్తింపజేశారు. 30 శాతం కట్టించుకొని భూమిని యజమానికే వదలడం, పని నడవని భూమిని వెనుకకు తీసుకొని పని చేసేవానికి ఇవ్వడం, ఈ రెండింటిలో ఏది ఉమర్ (రజి) మార్గానికి దగ్గరగా ఉన్నదో పాఠకులే ఆలోచించగలరు.

చివరగా, ఉప్పల్ వైపు స్థలం కొని ధర కోసం ఎదురుచూస్తున్న సోదరులు తరచుగా అడిగే ప్రశ్న జకాత్‌ను గురించినది. ఇల్లు కట్టుకోవడానికి కొన్న స్థలం మీద జకాత్ లేదు. అమ్మే ఉద్దేశంతోనే కొన్నది వ్యాపార సరుకు. మాలికీ మజ్‌హబ్‌లో, అనగా ఇబ్నె ఖల్దూన్ ఖాజీగా తీర్పులు చెప్పిన మజ్‌హబ్‌లో, ధర కోసం వేచి ఉండే వ్యాపారి అమ్మినప్పుడు ఒక్క సంవత్సరపు జకాత్ ఇస్తే చాలును. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లో అట్లా కాదు. కొన్న ధర మీద కాక, ఆనాటి బజారు ధర మీద ప్రతి సంవత్సరం రెండున్నర శాతం ఇవ్వాలి. 200 గజాల స్థలం గజం 50,000 పలికితే దాని విలువ కోటి రూపాయలు, ఆ ఏడాది జకాత్ రెండున్నర లక్షలు. స్థలం అమ్ముడు పోలేదు, చేతిలో నగదు లేదు అన్నది జకాత్‌ను రద్దు చేసే కారణం కాదు. అది బాకీగా లెక్కలో ఉండిపోతుంది.